ఉదయం 6.00 – లేవలేదు

“ఇవాళా లేవలేదమ్మాయ్,” అంటూ సాయంత్రం కోడలు ఇంటికి రాగానే మామగారు పొద్దుటినుంచీ పెట్టుకునే ఉన్న చెవి మిషన్ తీసి ఆమె చేతిలో పెట్టారు.

కోడలికి నీరసం ముంచుకొచ్చింది. ఆ మిషన్‌ను నిద్రలేపే ప్రోగ్రాం రాసింది తనే మరి.

మామగారు బస్ డిపోలో ముప్ఫై ఏళ్ళు టైమ్‌కీపర్‌గా చేశారు. ఆయన నోటు పుస్తకంలో పొల్లు మాట ఉండదు. “ఉదయం 6.00 – స్విచ్ నొక్కితిని. లేవలేదు. సాయంత్రం 7.10 – కోడలు నొక్కెను. లేచింది.” వారం రోజులుగా అదే పాట.

“సరిగ్గా నొక్కుతున్నారా మామయ్యగారూ?” మిషన్ మళ్ళీ ఆయన చెవికి తగిలించి అడిగింది.

“బస్సు రాకపోతే టైమ్‌కీపర్ని కేకలేస్తే ఎలాగమ్మాయ్? రాలేదని రాశాను. అంతే.”

ఆమె పేపరు తీసి నాలుగు హెడ్డింగులు చదివింది. ఆయన అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. మిషన్ భేషుగ్గా ఉంది. దాన్ని చార్జింగులో పెట్టి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పాత చిప్ తయారీ ఆగిపోయింది కాబట్టి ఆమె పనిచేసే కంపెనీ అదే ప్రోగ్రాంను కొత్త చిప్ మీదికి మారుస్తోంది. అద్దె ఇల్లు మారినట్టే ఉంది వ్యవహారం. మంచం గుమ్మంలో పట్టదు, మేకు కొడదామంటే గోడ ఉండదు. లేవగానే ‘టింగ్’ మనే గంట కొత్త చిప్ మీద ఇంకా మోగడం లేదు. ఎన్నింటికి లేచిందో, ఎప్పుడెప్పుడు మాట విన్నదో మిషన్ తన కడుపులో చిట్టా రాసుకుంటుంది. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పాత చిప్ భాషే తెలుసు. కొత్తదాన్ని అడిగితే పిచ్చిగీతలు చూపిస్తోంది.

కొత్త చిప్ గొప్పతనం ఒక్కటే. ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి గొంతు తప్ప ఇంకేదీ చెవిలో పడనివ్వదు. ఫ్యాను రొద, గిన్నెల మోత, పక్కగది టీవీ, ఆఖరికి పెట్టుకున్నవాడి సొంత గొంతు కూడా వడకట్టేస్తుంది.

“పదిహేను రోజుల ట్రయల్ మేడమ్,” మిషన్ చేతికిచ్చిన రోజే అన్నాడు మేనేజరు. “రోజూ పొద్దున్నే లేచిందని మీ మామగారిచేత సంతకం పెట్టించుకు రండి. లేదంటే కొత్త చిప్‌కూ మీ టీములో ముగ్గురికీ కలిపి ఒకటే వీడ్కోలు సభ.”

రాత్రంతా చల్లబడిన చిప్ పొద్దున్న లేవడానికి మొరాయిస్తోందని ఆమె తేల్చుకుంది. సాయంత్రానికి వేడెక్కి మాట వింటోంది. బుధవారం ప్రోగ్రాంలో ఒక లైను చేర్చింది: కళ్ళు తెరిచే ముందు అరసెకను ఆగు.

గురువారం పొద్దున్నే వంటింట్లో కుళాయి ఊడింది. ప్లంబరు వచ్చేసరికి ఆఫీసు టైమైంది. మామగారికి అతన్ని చూపించి, కళ్ళు పెద్దవి చేసి ‘కనిపెట్టుకుని ఉండండి’ అని సైగ చేసి, పరిగెత్తింది.

ఆ ఇంట్లో అందరికీ సైగలు వచ్చు. ఆయనకు చెవుడు వచ్చిన ఆరేళ్ళలో నేర్చుకున్నారు. నోటి దగ్గర వేళ్ళు పెడితే భోజనం. నెత్తిమీద చెయ్యి తిప్పితే స్నానం. మనవరాలు బొటనవేలు ఎత్తితే కాలేజీకి వెళ్తున్నానని, దించితే మార్కులు అడగొద్దని. కొడుకైతే కనుబొమలతోనే ‘ఏం?’ అని పలకరించి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోతాడు.

సాయంత్రం నోటు పుస్తకం తెరిచి కోడలు కుర్చీలోంచి లేచింది. “ఉదయం 10.20 – లేచింది. 11.00 – ఆగిపోయింది.”

“చూశారా మామయ్యగారూ, దారిలోకి వస్తోంది!”

“వచ్చిందమ్మాయ్. మంచి స్పీడు మీద వచ్చింది,” ఆయన మొహం వెలిగిపోయింది.

పదిన్నరకు హాల్లోకి ఎండ వస్తుంది. అంటే వేడే కారణం. మేనేజరుకు శుభవార్త చెప్పేసింది.

శుక్రవారం లేవలేదు.

‘పెట్టుకునే ముందు పది నిమిషాలు టేబుల్ లైటు కింద ఉంచండి’ అని చీటీ రాసి ఆయన దిండు పక్కన పెట్టింది. శనివారం లేవలేదు. ఆదివారం ఆమె ఇంట్లోనే ఉండి, బట్టలూ అల్మారాలూ సర్దుకుంది. ఆ రోజూ లేవలేదు. అరసెకనును రెండు సెకన్లు చేసింది. సోమవారం, మంగళవారం కూడా ఆయన అదే వాక్యం రాశారు, అదే గుండ్రటి అక్షరాలతో.

పద్నాలుగో రోజు సాయంత్రం పరీక్ష అయ్యాక ఆయన కోడలి మొహంలోకి చూశారు.

“ఉద్యోగం మీదికి వచ్చిందా?”

ఆమె తల ఊపింది.

“పోనీ, లేచిందని రాసెయ్యనా? ముప్ఫై ఏళ్ళలో ఒక్క బండికి దొంగ టైము వెయ్యలేదు. నీ కోసం వేస్తాను.”

ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

మర్నాడు మిషన్ తీసుకుని ఆఫీసుకు వెళ్ళగానే పక్క సీటు ఇంజినీరు కేకేశాడు. “మేడమ్, చిట్టా చదివే సాఫ్ట్‌వేర్‌కు కొత్త చిప్ భాష నేర్పేశాను. మీ మిషన్ పట్రండి. ఎక్కడ చచ్చిపోతోందో దాని నోటితోనే చెప్పిద్దాం.”

మేనేజరు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. పిచ్చిగీతలు లేవు. వరసలు శుభ్రంగా దిగుతున్నాయి. ఆమె కళ్ళజోడు సర్దుకుని మొదటి రోజు నుంచి చదవడం మొదలుపెట్టింది.

పద్నాలుగు రోజులూ ఉదయం ఆరింటికి మొదటి నొక్కుకే మిషన్ లేచింది. ఆ ఇంటి సైగలు రాని ప్లంబరు ఉన్న నలభై నిమిషాలు తప్ప, ఏ రోజూ సాయంత్రం ఏడు దాటేవరకూ దానికి వినడానికి ఒక్క మాట కూడా దొరకలేదు.