బడి ఎంత దూరం?

ఆ ఊరికి పెట్టడానికి ఒక్క వంక దొరికితే చాలని పొద్దుటి నుంచి తిరుగుతున్నాడు నబీ రసూల్. దొరికి చావడం లేదు.

ఉద్యోగం సౌదీలోని ఖమీస్ ముషైత్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న రాబిగ్‌కు మారింది. దానితో పాటు ఇంటిల్లిపాదీ మారాలా వద్దా అన్నది ఇప్పుడు తేలాలి. "నువ్వు పోయి ఊరు చూసిరా, నువ్వెట్లా చెప్తే అట్లా చేద్దాం" అన్నారు ఇంట్లో. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. అవునంటే వచ్చే నెలకల్లా సామానంతా ఇక్కడ. కాదంటే ఇల్లు ఖమీస్‌లోనే, సెలవులకు వచ్చిపోవడమే.

ఖమీస్ వదలడం నబీ రసూల్‌కు సుతరామూ ఇష్టం లేదు. పదకొండేళ్ళ బతుకు అక్కడ. కొండ మీది ఊరు, ఎండాకాలంలో కూడా ఏసీ లేకుండా పడుకోవచ్చు. ఇక్కడ బండి దిగి పది అడుగులు వేయకముందే చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఊరి చివర కొత్తగా లేచిన కాలనీ. సగం వీధుల్లో ఇంకా సిమెంటు పని నడుస్తోంది. దుమ్మే దుమ్ము. హమ్మయ్య, ఒకటి దొరికింది అనుకున్నాడు.

"దుమ్మా? ఇంకో రెండు నెల్లే భాయ్" అన్నాడు ఇళ్ళు చూపించే ఫక్రుద్దీన్. మదనపల్లె వాడు. తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని మొదట సంతోషపడ్డాడు గానీ, గంట తిరిగేసరికి నబీ రసూల్‌కు తలనొప్పి పట్టుకుంది. "అదో, చెట్లు గూడా పెట్టేసినారు సూడు."

చూశాడు. వీధి పొడవునా వేప మొక్కలు. ఒక్కొక్కదానికీ నీళ్ళ పైపు.

"నీళ్ళు ట్యాంకర్లతోనే గదా?" ఆశగా అడిగాడు.

"ఏం ట్యాంకర్లు? పైపు నీళ్ళు. ఇరవై నాలుగ్గంటలూ."

నబీ రసూల్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"గేటు పక్కన గది లేదే?"

"అయ్యి పాత ఇండ్లల్లో. ఇప్పుడెవరు కట్టిస్తాండారు? ఆ జాగాలో మల్లెతీగ పెట్టుకుంటే సల్లగా ఉంటాది."

మల్లెతీగంట. పళ్ళు కొరుక్కున్నాడు.

ఇంట్లో పెద్దామెకు మోకాళ్ళ నొప్పులు. వారానికోసారి ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆస్పత్రైనా దూరంగా ఉండదా అనుకున్నాడు. వీధి మలుపులోనే ఉంది, చక్రాల కుర్చీ ఎక్కే దారితో సహా. దాని పక్కన కూరగాయల అంగడి. వెనకాలే మసీదు.

ఇక మిగిలింది బడి. అసలు సంగతంతా అక్కడే ఉంది. ఇంట్లో చిన్నది రెండో తరగతి. బండెక్కితే వాంతులు. ఖమీస్‌లో బడికి ఇరవై ఐదు నిమిషాలు, దారంతా మలుపులే. రోజూ ఒక చేతిలో నిమ్మకాయ, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని కూర్చుంటుంది. దిగేసరికి మొహం పీక్కుపోయి ఉంటుంది. చూడలేక చచ్చేవాడు నబీ రసూల్.

"బడి యాడుంది?"

"నువ్వు నిలబడుకోనుండేదే బడి ముందర గదా భాయ్."

తలెత్తాడు. పసుపు రంగు గోడ, లోపల ఉయ్యాలలు. ఇంటి గేటు నుంచి బడి గేటుకు అరవై అడుగులు. తప్పు లెక్కేమోనని రెండోసారి కూడా నడిచి చూశాడు. ఈసారి యాభై ఎనిమిదే వచ్చాయి.

"ఈడికొచ్చినోళ్ళు బండ్లు అమ్ముకుంటాండారు" అన్నాడు ఫక్రుద్దీన్ హుషారుగా.

"కాసేపు నోరు మూసుకుంటావా?"

ఫక్రుద్దీన్ బిత్తరపోయాడు. "ఇదేందబ్బా. అందరూ దూరమని సణుగుతారు. నువ్వు దగ్గరని సణుగుతాండావు."

అంతలో ఫోన్ మోగింది. భార్య మేరాజ్ బేగం.

"సూసినావా? ఎట్లుంది ఊరు?"

"అన్నీ బాగుండాయి. అదే నా ఖర్మ."

"అయితే బాగలేదని చెప్పు. ఎవరొచ్చి సూస్తారు? మన పిల్లోళ్ళ సదువులు నడిమధ్యలో ఉండాయి. అది గుర్తు పెట్టుకో, సాలు."

సరేనన్నాడు. బండిలో కూర్చుని ఏసీ వేసుకుని చెప్పాల్సిన మాటలు అనుకున్నాడు. దుమ్ము. ఉక్క. రోడ్లు పూర్తి కాలేదు. బడి మూడు కిలోమీటర్లు. ఆ చివరిది నాలుగుసార్లు పైకి అని చూసుకున్నాడు. పర్వాలేదు, గొంతు తడబడలేదు. ఎదురుగా అద్దం దగ్గర మొన్నటి నిమ్మకాయ వడలిపోయి ఉంది. పారేద్దామని తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక ఖమీస్ నుంచి ఫోన్ వచ్చింది. పెద్దవాళ్ళకు అందనీయకుండా చిన్నదే లాక్కున్నట్టుంది.

"అక్కడ బడి ఎంత దూరం?"

మూడు కిలోమీటర్లు అనాలి. నాలుక చివరి దాకా వచ్చింది.

"చెప్పు. మళ్ళీ రోజూ బండెక్కాలా?"

నబీ రసూల్ కళ్ళు మూసుకున్నాడు. తన మీద తనకే చెడ్డ కోపం వచ్చింది.

"అక్కర్లేదమ్మా" అన్నాడు. "గేటు తీస్తే బడే. నడిచి పోవచ్చు."

అవతల ఆ పిల్ల ఇల్లంతా అరుచుకుంటూ పరిగెత్తడం వినబడింది.

పదకొండేళ్ళుగా ఆ సౌదీల ఇంట్లో, గేటు పక్క గదిలో ఉంటూ తాను చేస్తున్న డ్రైవరు ఉద్యోగానికి, ఆ ఒక్క మాటతో, నబీ రసూల్ తన చేత్తో తానే, ఇక ఇంటికి పొమ్మనే ఎగ్జిట్ ముద్ర కొట్టుకున్నాడు.