నానబెట్టిన రాళ్లు

ముత్యాల కొట్లో దండలు గుచ్చే ఓ ఇల్లరికపుటల్లుడు యజమాని పెట్టెలోంచి అసలు సిసలు ముత్యాలు కొట్టేసి, వాటిని దాచడం కోసం చేపలు పెంచాలని నిర్ణయించుకున్నాడు.

నిజానికి అతగాడికి చేపంటేనే పడదు. అయినా సముద్రపు చేపల అక్వేరియానికని ఒళ్లంతా బెజ్జాలున్న ఎండు రాళ్లు కొనుక్కొచ్చాడు. బెజ్జానికొకటి చొప్పున ముత్యాలను లోపలికంటా కూరాడు. బాత్రూంలో టబ్బు పెట్టి, ఉప్పునీళ్లు పోసి, రాళ్లు ముంచి, ఓ పచ్చి రొయ్య పడేసి, పైన నల్ల దుప్పటి కప్పాడు. రొయ్య కుళ్లింది. ఇల్లు కంపు కొట్టింది.

“రాళ్లు నానబెట్టడమేంటి బాబూ, అవేమన్నా పప్పా?” అంది అత్తగారు, ముక్కు మీంచి కొంగు తీయకుండానే.

“పాత మురికి వదిలి, ఆ రొయ్య కుళ్లి, మంచి క్రిములు పట్టాలి అత్తయ్యా. అప్పుడే చేపలు బతుకుతాయి. నెలలు పడుతుంది. మీరు మాత్రం ముట్టుకోకండి.”

అల్లుడికి ఇన్నాళ్లకు ఒక మంచి వ్యాపకం దొరికిందని ఆ మహాతల్లి కంపును ఓర్చుకుంది.

కొట్లో పనిచేసే వాళ్లందరి ఇళ్లూ సోదా చేస్తూ ఇన్‌స్పెక్టర్ ఇక్కడికీ వచ్చాడు. దొరికితే జైలే. పరుపులు, డబ్బాలు వెతికిన ఇన్‌స్పెక్టర్ చివరికి దుప్పటి ఎత్తాడు. ఎత్తినంత వేగంగానే దించాడు.

“ఏంటయ్యా ఇది?”

“రాళ్లు నానుతున్నాయి సార్.”

“నానితే?”

“చేపలొస్తాయి సార్,” భయంలో నోటికొచ్చింది అనేశాడు.

“మా ఇంట్లోనూ ఉందిలే ఈ పిచ్చి,” అంటూ ఇన్‌స్పెక్టర్ బయటికి నడిచాడు. గేటు దగ్గర ఆగి అత్తగారితో ఏదో గుసగుసలాడాడు. ఆవిడ బుద్ధిగా తలూపింది. కిటికీలోంచి చూస్తున్న అల్లుడికి ఒక్క మాటా వినపడలేదు. కానీ జీపు వెళ్లిపోయింది.

మర్నాడు కొట్లో యజమానే భుజం తట్టి, “నీ మీద అనుమానం లేదన్నారోయ్,” అన్నాడు. అల్లుడు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. ఇంట్లో కంపు లేదు. అత్తగారు ముఖం వెలిగిపోతుండగా ఎదురొచ్చింది.

“మీరు నెలలన్న పని ఒక్క పూటలో కానిచ్చేశాను బాబూ. బాత్రూం యాసిడ్‌లో వేస్తే మురికంతా వదులుతుందని ఆ ఇన్‌స్పెక్టరే చెప్పాడు. వాళ్లింట్లోనూ అలాగే చేస్తారట.”

అల్లుడు టబ్బు దగ్గరికి పరుగెత్తాడు. రాళ్లు తళతళలాడుతున్నాయి. ఒక్కో బెజ్జంలో వేలు పెట్టి చూశాడు.

“కంగారుపడకండి, రాళ్లకేం కాలేదు,” అంది వెనకనుంచి అత్తగారు. “బెజ్జాల్లో ఏ పురుగో తెల్లగా, గుండ్రంగా గుడ్లు పెట్టింది. అవి మాత్రం సోడాలా బుసబుసా పొంగి, ఒక్కటి మిగిలితే ఒట్టు.”