మర్యాదైన కారణం

"ఇదిగో, చిక్కంతా ఇక్కడే ఉంది," అంటూ సర్జన్ ల్యాప్‌టాప్‌ను మంచం వైపు తిప్పింది.

తెర మీద తమ్ముడి కాలేయం బూడిదరంగులో కనిపించింది. అందులో రక్తనాళాలు ఆకు ఈనెల్లా తెల్లగా పరుచుకుని ఉన్నాయి. మంచం మీద పచ్చబడిన కళ్ళతో అక్క, పక్క కుర్చీలో తమ్ముడు, అతని వెనుక అతని భార్య ఆ బొమ్మనే చూస్తున్నారు.

"కాలేయానికి రక్తం తెచ్చే ధమని కుడికీ ఎడమకీ చీలుతుంది. మీకు ఎడమవైపు వెళ్ళాల్సిన పాయ ఒకటి కుడి ధమనిలోంచి పుట్టింది. అక్కగారికి అమర్చడానికి కుడి భాగం కోస్తే, మీలో మిగిలే భాగానికి సరిగా రక్తం అందదు. ఈ ఆపరేషన్ చెయ్యలేం."

తమ్ముడి భార్య బరువుగా ఊపిరి వదిలింది. అది గదిలో అందరికీ వినిపించింది.

అక్క ఒక బ్యాంకులో డైరెక్టర్ల బోర్డుకు కార్యదర్శి. ఎవరేం చెప్పినా ఎదురు ప్రశ్న వెయ్యకుండా వదలడం ఆమె ఉద్యోగ జీవితంలో లేదు.

"ఇలాంటి తేడా అరుదా, డాక్టర్?"

"అరుదేం కాదండి. పదిమందిలో ముగ్గురు నలుగురికి ఈ ధమనుల్లో ఏదో ఒక తేడా ఉంటుంది."

"అయితే వాళ్ళెవరూ కాలేయం ఇవ్వలేరా?"

"చాలామంది ఇస్తారు. తేడా ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది."

"మావాడికి ఉండకూడని చోటే ఉందంటారు."

"అవునండి."

"రెండోసారి చూశారా?"

"చూశాం."

సర్జన్ ల్యాప్‌టాప్ మూసేసి వెళ్ళిపోయింది. ఆ వెనకే భార్య కూడా, ఫోన్ చెయ్యాలంటూ, బయటికి నడిచింది. తమ్ముడి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

అతని భయం వేరు. కుటుంబంలో రక్తం కలిసింది అతనొక్కడిదే. "నేనుండగా నీకేంటక్కా" అని బంధువులందరి ముందూ అన్నవాడూ అతనే. దాతను ఒంటరిగా కూర్చోబెట్టి ఇష్టమేనా అని అడగడం ఆ ఆసుపత్రి పద్ధతి. అడిగినప్పుడు తలుపు ఓరగా తెరిచి ఉండడం గమనించి, బయట చక్రాల కుర్చీలో ఉన్న అక్కకు వినబడేలా "ఇష్టమే" అన్నాడు. నిన్న పొద్దున మాత్రం సర్జన్ గది గుమ్మం దాకా వెళ్ళాడు. కుదరదని మీరే చెప్పండి అని బతిమాలుకుందామనుకున్నాడు. ఆమె తలెత్తేసరికి నోరు పెగలక వెనుదిరిగాడు. నోరు చెప్పలేనిది ముఖం చెప్పేసి ఉంటుంది. జాలిపడి ఆమె ఈ అబద్ధమాడింది. అక్క ఇప్పుడు దాన్ని పొరపొరగా ఒలిచేస్తోంది.

"నా ఒంట్లోనే లోపముందక్కా," అన్నాడు.

"లోపమనలేదు, తేడా అంది. చెప్పింది చెప్పినట్టు వినడం నీకు ఎప్పుడబ్బుతుందిరా?"

"చనిపోయినవాళ్ళ నుంచి దొరుకుతుందిలే. వరుసలో నీ పేరుందిగా."

"ఉంది. నా ముందు చాలా పేర్లున్నాయి." అక్క గ్లాసందుకుని రెండు గుక్కలు తాగింది. "అన్నట్టు, ఈ ఏడు కూడా మీకు డివిడెండ్ లేదు."

తండ్రి వదిలిపోయిన ఆ బ్యాంకు షేర్లు కొన్ని అతని పేర ఉన్నాయి.

"ఇప్పుడా గొడవెందుకక్కా? లాభం రాలేదా ఏం?"

"బ్రహ్మాండంగా వచ్చింది. లాభాన్ని బట్టి డివిడెండ్ ఉంటుందనుకునేది నీలాంటి చిల్లర వాటాదార్లే. మొండి బాకీలకు కొంత పక్కన పెట్టాలి. ఇంత మూలధనం ఉంచి తీరాలని పైవాళ్ళ నిబంధన ఉంటుంది. అవన్నీ పోయాక కూడా మిగిలింది. కానీ ఛైర్మన్‌గారికి ఇంకో బ్యాంకు కొనాలని మనసైంది. ఆ డివిడెండ్‌తో మందులు కొనుక్కునే ముసలి టీచరమ్మ ఆయనకు కనబడదు. 'మూలధన పరిరక్షణ కోసం' అని నాచేత రాయించి చేతులు దులుపుకుంటాడు."

"అబద్ధం రాస్తావా?"

"పచ్చి అబద్ధమైతే పట్టుబడతాం. నిజమయ్యేందుకు వీలున్నదే రాస్తాను. కారణం మర్యాదగా ఉండాలి. చదివినవాడు ఇక చేసేదేం లేదని సర్దుకుపోవాలి. ఇన్నేళ్ళలో నేను నేర్చిన విద్య అదొక్కటే."

దెప్పుతోందని తమ్ముడికి అర్థమైంది. నిజం చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. లేచి ఆమె దుప్పటి సర్దాడు.

"ఇంటికి పోరా," అంది అక్క. "ముఖం పీక్కుపోయింది. పోయి ఏదన్నా తిను."

వానలు మొదలుకాకముందే ఆమె పోయింది. వరుసలో ఆమె వంతు రాలేదు. బ్యాంకు సంతాప తీర్మానం చేసింది. దాన్ని రాయడానికి ఆమె లేదు గనుక అది పేలవంగా ఉంది. ఛైర్మన్ దండ వేసి, ఫొటో తీసేదాకా నిలబడి, కారెక్కాడు.

తమ్ముడికి తిండి సయించలేదు. ఒకరోజు సర్జన్ గదికి వెళ్ళి, కూర్చోకుండానే అడిగాడు.

"నా ధమనిలో ఆ తేడా నిజంగా ఉందా?"

సర్జన్ లేచి తలుపు మూసింది. తర్వాత, "లేదు," అంది.

"నాకు తెలుసు. ఆవేళ మీ గుమ్మంలో నా ముఖం చూసి జాలిపడ్డారు. నా పిరికితనానికి వత్తాసు పలికారు. మీరొక్క మాట గట్టిగా అడిగుంటే ఇచ్చేవాణ్ణి. మా అక్కను మనిద్దరం కలిసి చంపాం."

"మీరు గుమ్మం దాకా వచ్చారా? నేను చూడనేలేదు."

"మరి ఆ అబద్ధం ఎవరి కోసం?"

సర్జన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ప్రశ్నలతో సహా అంతా మీ అక్కగారే రాసిచ్చారు."