గెలాక్సీ తూకం

"ఇది థీసిసా, పిట్టకథా?" అంటూ పెద్దాయన ఆ లావుపాటి పుస్తకాన్ని బల్ల మీద పడేశాడు.

ఆయన పరీక్ష చెయ్యడానికి బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు. ఆయన సంతకం పెడితేనే తెర పక్కన నిలబడ్డ అమ్మాయికి డాక్టరేటు. అది చేతికొస్తేనే వచ్చే వారం చేరాల్సిన ఉద్యోగం. గైడు అన్నవాడు ఇలాంటప్పుడే కదా అడ్డుపడాలి! ఆమె గైడు మాత్రం ముందు వరుసలో నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాడు.

"ఈ గెలాక్సీలో నక్షత్రాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి. సరే. పుట్టడానికి గ్యాస్ కావాలి. అదెంత ఉందన్నావ్?"

ఆమె చెప్పింది.

"గెలాక్సీ మొత్తం బరువెంత?"

అదీ చెప్పింది. మొదటి దానికన్నా తక్కువ. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"సంచీతో సహా తూస్తే ఐదు కిలోలు, లోపలి ఉల్లిపాయలు మాత్రం ఎనిమిది కిలోలా? కూరగాయల కొట్లో ఈ మాట అని చూడు, ఆ సంచీ నీ మొహానే కొడతారు!"

"హైడ్రోజన్ నేరుగా కనబడదు కదా సార్. దాంతో కలిసుండే కార్బన్ మోనాక్సైడ్ వెలుగు కొలిచి, ఒక గుణకంతో గుణించాను."

"ఆ గుణకమే తప్పు! అది మన పాలపుంత లాంటి బుద్ధిమంతులకి పనికొస్తుంది. ఇలా కుతకుతలాడే గెలాక్సీలో గ్యాస్ వేడెక్కి, ఉన్నదానికన్నా ఎక్కువ వెలుగిస్తుంది. అయిదో వంతుకి తగ్గించాలి. పోనీ, అక్కడి దుమ్ము నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో సరిచూశావా?"

"చూశాను సార్. దుమ్ముని బట్టి లెక్కేస్తే గ్యాస్ అయిదో వంతే వచ్చింది. మొదట నేనూ చిన్న గుణకమే వేశాను."

"మరి మార్చావెందుకు?"

ఆమె గైడు వంక చూసింది. ఆయన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఓహో, తమరి నిర్వాకమా?" అన్నాడు పెద్దాయన.

"అంటే... పెద్దవాళ్ళు చెప్పింది కదా అని..." గైడు నీళ్ళు నమిలాడు.

"ఏ పెద్దవాడు? కుతకుతలాడే గెలాక్సీకీ మామూలు గెలాక్సీకీ తేడా తెలియని ఆ మూర్ఖుడెవడు? అలాంటివాడికి టెలిస్కోప్ కాదు, భూతద్దం కూడా ఇవ్వకూడదు! పేరు చెప్పండి."

"ఇప్పుడెందుకులెండి సార్, టీ చల్లారిపోతోంది..."

"పేరు!"

గైడు లేచి చెయ్యి అడ్డం పెట్టేలోగా అమ్మాయి తర్వాతి స్లైడు కోసం మీట నొక్కింది. ఇక దాచి లాభం లేదనిపించింది ఆమెకి.

తెర మీద సూటూ టైతో పెద్దాయన ఫొటో నిండుగా వెలిగింది. దాని కింద గైడు పట్టుబట్టి రాయించిన వాక్యం: "ఈ గుణకాన్ని లోకానికి ప్రసాదించిన మహనీయునికి శతకోటి వందనాలు."

పెద్దాయన కళ్ళజోడు తీసి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఫొటో మారలేదు. జేబులోంచి పెన్ను తీసి చకచకా సంతకం పెట్టేశాడు.

"లెక్క లక్షణంగా ఉందమ్మా," అన్నాడు. "ఆ గెలాక్సీనే ఎవడో తప్పు తూచాడు."