రెండో ఆల్బం

“గిది పాటనా ఆమనీ? దరువు లేదు, ఊపు లేదు. ఏ పెండ్లి బరాత్‌ల పెడతరు దీన్ని?” పాట పూర్తికాకుండానే దుర్గేష్ ఆపేశాడు.

నాచారంలో దుర్గేష్ వాళ్ల మేడమీది గదిలో ఇద్దరూ కలిసి చేసిన మొదటి ఆల్బం ఉప్పల్ చుట్టుపక్కల డీజే బండ్లన్నిట్లోనూ మోగింది. దరువు మిషన్ల మోత అతనిది, గొంతు ఆమెది. రెండో ఆల్బం కోసం ఆమని ఒక్క కీబోర్డు మీద నెమ్మదిగా పాడి రికార్డు చేసి తెచ్చింది.

“నాకు ఇలాగే పాడాలనుంది,” అంది.

“నా మిషన్లు లేకుంటె నీ పాట ఎవలు వింటరు?” అతను పెదవి విరిచాడు.

ఆరిన బట్టలు తీస్తున్న దుర్గేష్ తల్లి నర్సమ్మ గుమ్మంలోకి వచ్చింది. “ఇప్పుడు పాడిన పిల్ల ఎవలు బిడ్డా? మస్తు పాడింది. ఆమెను గూడ మీతోని కలుపుకోరాదు?”

“నేనే ఆంటీ. మొదటి ఆల్బం పాటలు కూడా నేనే పాడాను,” అంది ఆమని.

“గవి నువ్వు పాడినవా? మిషను పాడిందనుకున్న.”

దుర్గేష్ ఎగతాళిగా నవ్వి, తల్లికి వినిపిద్దామని ఆ ఆల్బంలో పాట ఒకటి పెట్టాడు. కాసేపటికి అతని నవ్వు ఆగిపోయింది. తను పేర్చిన మోతలో ఆమె గొంతు ఎక్కడుందో అతనికే దొరకలేదు.