కథల విభాగం

"ఇది వార్త కాదు, కట్టుకథ!" అంటూ ప్రిన్సిపాల్ ఆ కాగితాలను బల్ల మీదకు విసిరింది.

ఎదురుగా నిలబడ్డ పదో తరగతి అమ్మాయి కదల్లేదు. ఏది కనబడినా ఎందుకు, ఎంత, ఎప్పటినుంచి అని అడుగుతుంది కాబట్టి బడిలో అందరూ ఆమెను 'ఆరా' అంటారు. బడి పత్రికకు ఆమే సంపాదకురాలు. పక్కనే పత్రిక పనులు చూసే మాస్టారు పోటీ ఫారం పట్టుకుని ఉన్నాడు. బడి పత్రికల అవార్డులకు ఎంట్రీలు పంపడానికి ఆ రోజే ఆఖరు. ప్రిన్సిపాల్ సంతకం లేనిదే ఫారం చెల్లదు.

బల్ల మీద పడ్డ కథనం పేరు 'పదిహేను నిమిషాలు, రెండు తలుపులు'. బడిలో అమ్మాయిలు నాలుగు వందల పన్నెండు మంది. వాళ్లకున్న బాత్రూములు ఆరు. అందులో నాలుగింటికి రిపేరు పేరు చెప్పి ఏడాదిగా తాళాలే. ఇంటర్వెల్ పదిహేను నిమిషాలు. ఆరా పదకొండు రోజులపాటు ఆ లైను పక్కన వాచీ చూసుకుంటూ నిలబడింది. ఎంతమంది లోపలికి వెళ్లగలిగారో, ఎంతమంది బెల్లు విని ఉసూరుమంటూ క్లాసుకు తిరిగిపోయారో రాసుకుంది.

"ఇందులో ఏది అబద్ధమో చెప్పండి మేడమ్, ఇప్పుడే కొట్టేస్తాను," అంది.

"ఇంటిగుట్టు లంకకు చేటని వినలేదా నువ్వు? అసలే అడ్మిషన్ల సమయం. ఊరంతా చదివితే మన పరువేం కాను?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఫారంలో మొత్తం పన్నెండు విభాగాలున్నాయి మేడమ్. వార్త, ఇంటర్వ్యూ, ఫొటో, కార్టూన్... ఇది పరిశోధన విభాగంలో పెడితే..."

"ఏదీ, ఇలా ఇవ్వండి." ప్రిన్సిపాల్ వేలు వరసగా కిందికి దిగి తొమ్మిదో విభాగం దగ్గర ఆగింది. ఆమె ముఖం విప్పారింది. "ఇదిగో, 'కల్పిత కథ'. ఇందులో పంపిస్తానంటే సంతకం పెడతాను. లేదంటే ఈ ఏడాదికి పోటీ ఊసే ఎత్తొద్దు."

మాస్టారి ముఖం వాడిపోయింది. ఆరా మాత్రం ఒక్క క్షణం ఆలోచించింది.

"సరే మేడమ్. కానీ ఒక్క అక్షరం కూడా మార్చను."

"కథే కదా, నీ ఇష్టం!" ప్రిన్సిపాల్ హుషారుగా సంతకం గీకేసింది.

వరండాలోకి రాగానే మాస్టారు ఉండబట్టలేకపోయాడు. "అదేంటమ్మా, అంత కష్టపడి రాసి అలా ఒప్పేసుకున్నావు?"

"పంపకపోతే బీరువాలో పడుంటుంది సార్. పంపితే ఎవరో ఒకరు చదువుతారు. చదివినవాళ్లకి ఆ మాత్రం తెలీదా?"

"నీ ధైర్యానికో దండం తల్లీ!"

"ధైర్యం కాదు సార్. లెక్కలు రెండుసార్లు సరిచూశాను, అంతే."

నెల తిరక్కుండానే అవార్డుల కమిటీ నుంచి జడ్జి ఒకావిడ బడికి వచ్చింది. తెల్లటి పొట్టి జుట్టు, భుజాన గుడ్డ సంచి. ముప్పై ఏళ్లు పత్రికాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి.

"మీ పాప కథ ఆఖరి వడపోత దాకా వచ్చింది. సొంతంగా రాశారో లేదో పిల్లల్ని కలిసి చూడటం మా పద్ధతి," అంది.

ప్రిన్సిపాల్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. టీ తెప్పించింది. ఆరానీ మాస్టారినీ పిలిపించింది. "మా బంగారుతల్లి! చిన్నప్పట్నించీ దీనికి ఊహాశక్తి ఎక్కువ," అంటూ ఆరా భుజం తట్టింది.

జడ్జి కాగితాలు తిరగేసింది. "ఏడో తరగతి పాప పొద్దున నిండుగా తెచ్చుకున్న నీళ్ల సీసాని సాయంత్రం అంతే నిండుగా ఇంటికి పట్టుకెళ్తుందని రాశావు. ఎలా తట్టిందమ్మా నీకిది?"

"తట్టలేదండీ, కనబడింది."

"అంటే కళ్లకు కట్టినట్టు ఊహించుకుందన్నమాట!" ప్రిన్సిపాల్ చటుక్కున అందుకుంది.

జడ్జి ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. అంతలో ఇంటర్వెల్ బెల్లు మోగింది. ఆవిడ కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకుంటూ లేచింది.

"పొద్దున్నించీ ప్రయాణంలోనే ఉన్నాను. బాత్రూమ్ ఎటువైపు?"

"అయ్యో, అడగాలా! ఆరా, మేడంగారికి చూపించమ్మా," అంది ప్రిన్సిపాల్, స్టాఫ్ రూము వైపు చెయ్యి ఊపుతూ.

"రండి మేడమ్," అని ఆరా తలుపు తీసింది.

వాళ్లు వెళ్లగానే ప్రిన్సిపాల్ కుర్చీలో వెనక్కి వాలింది. "చూశారా మాస్టారూ! నా మాట విని కథల్లో పంపబట్టే కదా ఇంతదూరం వచ్చింది. షీల్డు ఆ గాజు బీరువాలో, సరిగ్గా మధ్యలో పెట్టిద్దాం. పేరెంట్స్ లోపలికి రాగానే కంట్లో పడాలి."

మాస్టారు "అలాగే మేడమ్" అన్నాడు కానీ, చూపు గడియారం మీదే ఉంది. అయిదు నిమిషాలైంది. పది అయింది. జడ్జి కప్పులో టీ తొరక కట్టింది.

"ఇంతసేపేంటి? స్టాఫ్ రూములో ఎవరైనా పట్టుకున్నారా ఆవిణ్ణి?" ప్రిన్సిపాల్ లేవబోయింది.

తలుపు తోసుకుని ఆరా ఒక్కతే లోపలికి వచ్చింది.

"స్టాఫ్ బాత్రూమ్ వద్దన్నారు మేడమ్. మా లైన్లో నిలబడ్డారు, ముందు ఇంకా ఇరవై ఆరు మంది ఉన్నారు. ఈలోపు నా ఎంట్రీ విభాగం మార్చేస్తారట, ఒక పెన్ను పట్రమ్మన్నారు."