కదలని బంతి

మా కోడలు హైమ వంటింటి గట్టు మీదే చేపగుడ్లలో జన్యువులు సర్దుతుంది. కైకలూరులో ఇప్పుడు ఇంటింటా ఇదే పని. నిన్న పొరపాటున తోక జన్యువుని వరసలో ముందుకి జరిపేసింది. పొద్దున భూతద్దంలోంచి చూస్తే, గుడ్డులోని పిల్లకి నడుం సగంలోనే ఆగిపోయి అక్కడే తోక మొదలైంది.

"జన్యువు పాడైందా?" అన్నాను.

"లేదత్తయ్యా, చోటు మారిందంతే. తల జన్యువు నుంచి తోక జన్యువు దాకా వరసగా కూర్చుంటాయి. ఆ వరసలోనే ఒక్కొక్కటిగా మేలుకుంటాయి. ముందు కూర్చుంది కాబట్టి ముందే మేలుకుంది."

పెళ్లిళ్లలో భోజనాల బంతులు నడిపినదాన్ని, ఇట్టే అర్థమైంది. విస్తరి వేసిన చోటుని బట్టే వడ్డన అందుతుంది.

"మనుషులకీ ఇంతేనా?"

"చేపకీ, కోడికీ, మనకీ ఇదే వరస."

అంటే, కోట్ల ఏళ్లుగా చెదరకుండా కూర్చున్న బంతి అది.

రేపు ఆస్పత్రిలో హైమ కడుపులో పిండాన్ని పెడతారు. బిడ్డ పొడుగ్గా ఎదగాలని, ముందుగా అందులో ఒక జన్యువుని జరపమని మేమే అడిగాం.

హైమ చేతులు కడుక్కుని ఫోన్ తీసింది. "డాక్టరుగారికి ఏం చెప్పమంటారు?"

"బంతిలో కూర్చున్నవాళ్లని లేపుతామా అమ్మా?" అన్నాను.